కుండలక్షణం – కర్ణపరీక్ష: బహుభుజ క్షేత్రాల పూర్వవృత్తాంతం



ముప్పది సంవత్సరాల క్రిందటి మాట. మా అనుమసముద్రంపేటకు సమీపంలోని ఒక గ్రామంలో దేవతాప్రతిష్ఠ సందర్భంగా నవకుండీ విధానంతో హోమం సంకల్పించారు. యజమాని ఒక సామాన్య కృషీవలుడు. పాఠశాల విడిచి వచ్చిన కొద్దికాలానికే నాకు ఆ క్రతువులో కుండనిర్మాణ బాధ్యత అప్పగించబడింది. తూర్పుదిక్కున చతురస్ర కుండం. ఒక హస్తప్రమాణం, అనగా ఇరవై నాలుగు అంగుళాల భుజం. నా చేతిలో 24 అంగుళాల కొలకర్ర ఉన్నది, నోట శ్లోకాలున్నవి. నాలుగు భుజాలనూ ఆ కర్రతోనే కొలిచి, నాలుగు మేకులు పాతి, ఇటుకలు పేర్పించాను. అన్ని వైపులా సరిగ్గా 24. లోపమేమీ లేదని నా నిశ్చయం.

ఇటుకలు పేర్చడానికి వచ్చిన వృద్ధ మేస్త్రి దర్గా వీధిలో కాపురముండేవాడు. ఆయన కొంచెం దూరంగా నిలిచి చూసి, "సామీ, నాలుగు పక్కలూ సమానమైతే సాలదు. మూలకు మూల కొలవాల" అన్నాడు. కొలిచాము. ఒక మూల నుండి ఎదుటి మూలకు 36 అంగుళాలు వచ్చింది, రెండవ జత మూలల మధ్య 32కు కొంచెం తక్కువ వచ్చింది. నేను నిర్మించినది చతురస్రం కాదు, ప్రక్కకు ఒరిగిన సమచతుర్భుజం మాత్రమే. వైశాల్యం 576 చదరపు అంగుళాలు ఉండవలసిన చోట 571న్నర మాత్రమే ఉన్నది. ఆచార్యులవారు ఒక్క మాట కూడా అనలేదు. ఇటుకలు తీయించి మళ్ళీ పేర్పించారు. ముహూర్తానికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉండబట్టి నా పరువు దక్కింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శుల్బసూత్రాలు వల్లె వేసినవాడిని నేను. ఆ మేస్త్రి చెప్పిన మాట అందులో లేకనా? ఉన్నది. నేను మంత్రంగా వల్లించానే గాని కొలతగా గ్రహించలేదు. నాటి నుండి ఈ విషయంపై లభించిన గ్రంథాలన్నీ చదువుతూ వచ్చాను. జిజ్ఞాసువుల నిమిత్తం అందులో కొంత ఇక్కడ నివేదిస్తున్నాను.

మొదట పేర్ల విచారం. నేటి పాఠశాలల్లో పిల్లలు 'బహుభుజి' అంటారు. త్రిభుజం, చతుర్భుజం, షడ్భుజి, అష్టభుజి. ఇవన్నీ భుజాలను, అనగా ప్రక్కలను లెక్కించే పేర్లు. మన కుండశాస్త్రంలోని పేర్లు మాత్రం చతురస్రం, త్ర్యస్రం, షడస్రం, అష్టాస్రం. 'అస్రం' అంటే కోణం, మూల. ఒకరు ప్రక్కలు లెక్కిస్తే మరొకరు మూలలు లెక్కించారు. రెండింటి సంఖ్య ఒక్కటే గనుక భేదం లేదనుకోవచ్చు. కాని నా కుండం చెడినది మూలల వద్దనే, ప్రక్కల వద్ద కాదు. ఇంకొక చిన్న మాట. పాఠ్యపుస్తకాల్లో ఎదుటి మూలలను కలిపే రేఖను 'వికర్ణం' అంటున్నారు, లంబకోణ త్రిభుజంలోని దీర్ఘభుజాన్ని 'కర్ణం' అంటున్నారు. ప్రాచీన గణితగ్రంథాల్లో రెండింటికీ 'కర్ణం' అన్నదే మాట. ఈ వ్యాసంలో నేను ఆ పాత వాడుకనే అనుసరిస్తాను.

ఆంధ్రదేశంలోని వైదికుల్లో అధికులు ఆపస్తంబ సూత్రులు. ఆపస్తంబ కల్పసూత్రంలో ఒక భాగం శుల్బసూత్రం. శుల్బమంటే త్రాడు. బోధాయన, ఆపస్తంబ, కాత్యాయన, మానవ శుల్బాలు క్రీస్తుకు కొన్ని శతాబ్దాల పూర్వపు గ్రంథాలు. చితినిర్మాణానికి త్రాడు, మేకు తప్ప మరొక పరికరం వాటిలో అక్కరలేదు. శ్యేనచితి ఒక్కటి తీసుకుంటే ఐదు ప్రస్తారాలు, ప్రతి ప్రస్తారంలో 200 ఇటుకలు, మొత్తం వేయి. అగ్నిక్షేత్రం ఏడున్నర చదరపు పురుషల వైశాల్యానికి హెచ్చుతగ్గులు కారాదు. పక్షి ఆకారం మారవచ్చు, రథచక్రం కావచ్చు, త్రికోణమైన ప్రౌగం కావచ్చు, వైశాల్యం మాత్రం మారరాదు. ఈ నియమం వల్లనే మన పూర్వులు ఒక ఆకారాన్ని మరొక ఆకారంగా మార్చే విద్యను అభ్యసించవలసి వచ్చింది.

ఆపస్తంబుడు సౌమిక మహావేదిని కొలిచే విధానం నా దృష్టిలో ఆ గ్రంథానికే తలమానికం. మహావేది చతురస్రం కాదు. పడమట 30 పదాలు, తూర్పున 24 పదాలు, నడుమ తూర్పు–పడమర పొడవు 36 పదాలు గల చతుర్భుజం. ముందు 36 పదాల త్రాడుకు 18 పదాలు చేర్చి 54 చేస్తాడు. 15వ పదం వద్ద గుర్తు పెడతాడు. మిగిలినది 39. త్రాడు రెండు కొసలనూ 36 పదాల దూరంలో ఉన్న రెండు మేకులకు కట్టి, గుర్తు వద్ద పట్టుకొని ప్రక్కకు లాగితే 15, 36, 39 భుజాలుగా ఒక త్రిభుజం ఏర్పడుతుంది. 15 వర్గం 225, 36 వర్గం 1296, కలిపితే 1521. అది 39 వర్గం. కాబట్టి మేకు వద్ద కచ్చితమైన లంబకోణం వస్తుంది. కోణాన్ని కొలిచే సాధనం లేకుండానే, కేవలం మూడు పొడవులతో కోణం సిద్ధించింది. మేస్త్రులు నేటికీ మూలమట్టం లేని చోట మూడు, నాలుగు, ఐదు అడుగులు కొలిచి మూల పట్టేది ఇదే.

అటు తరువాత ఆ వేది వైశాల్యం 972 చదరపు పదాలని చెప్పి ఊరుకోడు ఆపస్తంబుడు, ఎలాగో చూపిస్తాడు. దక్షిణపు ప్రక్కన తూర్పు అంసం నుండి పడమటి శ్రోణి వైపు సూటిగా ఒక రేఖ గీయాలి. దానికి వెలుపల ఒక సన్నని త్రికోణం తెగుతుంది. దానిని తలక్రిందులుగా త్రిప్పి ఉత్తరపు ప్రక్కన చేర్చాలి. ఏటవాలు క్షేత్రం దీర్ఘచతురస్రం అయిపోతుంది. పొడవు 36, వెడల్పు 27. ముప్పది ఆరు ఇరవై ఏళ్లు 972. వైశాల్యాన్ని చెప్పడమే కాక దానికి ఉపపత్తిని కూడా చెప్పిన ఈ సూత్రాన్ని నేను బాల్యంలో ఎన్నిమార్లు పఠించానో లెక్కలేదు. అర్థమైనది మాత్రం కాగితం కత్తిరించి చూసిన నాడే.

ఇక నా చతురస్ర కుండం సంగతి. సమచతురస్రానికి కర్ణం ఎంత ఉండాలో కూడా శుల్బకారులు చెప్పారు. ప్రమాణానికి దాని మూడవ వంతును చేర్చు, ఆ మూడవ వంతులో నాల్గవ వంతును చేర్చు, చివర చేర్చిన దానిలో ముప్పది నాల్గవ వంతును తీసివేయి. 24 అంగుళాలకు చేసి చూడండి. 24కు 8 చేర్చితే 32, ఆపై 2 చేర్చితే 34. ఆ రెండంగుళాల్లో ముప్పది నాల్గవ వంతు తీసివేయాలి. బోధాయనుని మానంలో అంగుళానికి 34 తిలలు, అనగా నువ్వుగింజలు. కాబట్టి తీసివేయవలసినది సరిగ్గా రెండు తిలలు. 34 అంగుళాలకు రెండు నువ్వుగింజలు తక్కువ. ఒక హస్తపు చతురస్ర కుండానికి ఇదే కర్ణప్రమాణం. ఆధునిక గణనతో పోల్చినా భేదం కంటికి ఆనేది కాదు. రెండు కర్ణాలూ ఈ కొలతకు వస్తే తప్ప నాలుగు సమభుజాలు చతురస్రం కావు. నా కుండంలో ఒకటి 36, మరొకటి 32కు లోపు.

ఇక్కడ ఒక మూలసూత్రం ఉన్నది. మూడు కర్రలను కొసలు కట్టి త్రికోణం చేయండి. నొక్కినా లాగినా ఆకారం చెదరదు. నాలుగు కర్రలతో చేసినది ఊగిపోతుంది. త్రిభుజం భుజాలతోనే స్థిరపడుతుంది. చతుర్భుజానికి ఒక కర్ణం తెలిస్తే తప్ప స్థిరత్వం లేదు. ఐదు భుజాలకు రెండు కర్ణాలు, ఆరింటికి మూడు, ఎనిమిదింటికి ఐదు కావాలి. భుజసంఖ్య నుండి మూడు తీసివేస్తే ఎన్ని కర్ణాలు అవసరమో వస్తుంది. ఒకే మూల నుండి అన్ని కర్ణాలూ గీస్తే క్షేత్రమంతా త్రికోణాలుగా చీలుతుంది. షడస్రం నాలుగు త్రికోణాలు, ఒక్కొక్క త్రికోణంలో కోణాల మొత్తం 180 డిగ్రీలు, వెరసి 720. సమషడస్రంలో ఒక్కొక్క కోణం 120. బహుభుజులను గురించి పిల్లలు పరీక్షలకు కంఠస్థం చేసే సూత్రాలలో అనేకం ఈ ఒక్క చీలికలోనే ఉన్నవి.

ఈ విషయంపై మన గణితాచార్యుల మధ్య గొప్ప వివాదమే నడిచింది. క్రీ.శ. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతం రచించిన బ్రహ్మగుప్తుడు చతుర్భుజ ఫలానికి రెండు మార్గాలు చెప్పాడు. మొదటిది స్థూలం: ఎదుటి భుజాల మొత్తాల అర్ధాలను గుణించడం. రెండవది సూక్ష్మం: నాలుగు భుజాల మొత్తంలో సగం నుండి ఒక్కొక్క భుజాన్ని తీసివేసి, ఆ నాలుగు శేషాలను గుణించి వర్గమూలం తీయడం. ఉదాహరణకు భూమి 60, ముఖం 25, ప్రక్కలు 52, 39. మొత్తంలో సగం 88. శేషాలు 28, 63, 36, 49. వాటి గుణకారఫలానికి వర్గమూలం 1764. స్థూలమార్గంలో లెక్కిస్తే 1933 ముప్పావు. స్థూలగణన ఎంత ఎక్కువ చూపిస్తుందో గమనించండి. ఇదే లెక్కతో భూమి కొలిస్తే లేని నేలకు పన్ను కట్టవలసి వచ్చేది.

అయితే సూక్ష్మమార్గంలోనూ ఒక చిక్కున్నది. అందులో కర్ణం ప్రసక్తి లేదు. కర్ణం లేకుండా చతుర్భుజం స్థిరపడదు గదా! ఈ ప్రశ్నను గట్టిగా లేవనెత్తినవారు ద్వితీయ ఆర్యభటుడు, ఆ తరువాత 1150లో లీలావతిని రచించిన భాస్కరాచార్యుడు. కర్ణం గాని లంబం గాని చెప్పకుండా చతుర్భుజానికి ఫలం అడిగేవాడు పిశాచమని, ఆ ప్రశ్నకు సమాధానం చెప్పేవాడు అంతకు మించిన పిశాచమని భాస్కరుని పరిహాసం. పై ఉదాహరణనే ఆయన పరిశీలనకు తీసుకున్నాడు. పూర్వులు దానికి 56, 63 కర్ణాలని నిర్ణయించారు, ఆ కర్ణాలతో ఫలం 1764 వస్తుంది. అవే నాలుగు భుజాలను ఉంచి, 56కు బదులు ఆ కర్ణాన్ని 32గా తీసుకొని నేను లెక్కవేశాను. రెండు త్రికోణాల ఫలం కలిపితే సుమారు 1230. భుజాలు మారలేదు, ఐదువందలకు పైగా ఫలం తగ్గిపోయింది.

ఇందులో ఎవరిది సరి? నా అల్పబుద్ధికి తోచినది చెబుతాను. ఇద్దరిదీ. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉన్న చతుర్భుజానికి బ్రహ్మగుప్తుని సూక్ష్మమార్గం సంపూర్ణంగా చెల్లుతుంది, అన్యత్ర చెల్లదు. ఆ షరతు ఆయన వాక్యంలో స్పష్టంగా లేదు. భాస్కరుడు దోషాన్ని పట్టుకున్నాడు గాని వృత్తాన్ని గమనించలేదు. వృత్తస్థ చతుర్భుజానికి ఆ సూత్రం ఎందుకు చెల్లుతుందో ఉపపత్తితో సహా వివరించినది పదహారవ శతాబ్దంలో కేరళీయుడైన జ్యేష్ఠదేవుని యుక్తిభాష, అదీ మలయాళంలో. సుమారు తొమ్మిది శతాబ్దాలు పట్టింది. మహర్షులకు సర్వమూ ముందే తెలుసని, ఇక విచారించవలసినది ఏమీ లేదని చెప్పే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. ఈ చరిత్ర వినిపిస్తే వారు నొచ్చుకుంటారు. తమ గురువు గురువునే నిలదీసి అడిగిన భాస్కరుడు నొచ్చుకునేవాడు కాడని నా అభిప్రాయం.

తెలుగువారికి ఈ విద్య దేశభాషలో అందిన వృత్తాంతం కూడా చెప్పాలి. తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలంలో జైనాచార్యుడైన మహావీరుడు గణితసారసంగ్రహం రచించాడు. క్షేత్రగణిత వ్యవహారంలో ఆయన త్రిభుజాలను మూడు విధాలుగా, చతుర్భుజాలను ఐదు విధాలుగా, వర్తులాకారాలను ఎనిమిది విధాలుగా విభజించాడు. వ్యావహారికం, సూక్ష్మం అని గణన రెండు తెరగులన్నాడు. ఈ గ్రంథాన్ని పావులూరి మల్లన తెనుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయనను పండితులు పదకొండవ శతాబ్దపు రాజరాజనరేంద్రుని కాలానికి చెందినవాడిగా భావిస్తారు. నన్నయ భారతం పుట్టిన యుగంలోనే తెలుగులో గణితం కూడా పుట్టిందన్నమాట. మల్లన శైవుడు, మూలకర్త జైనుడు. మతభేదం ఆ అనువాదానికి అడ్డు రాలేదు. మూలంలోని జైనప్రసక్తులకు బదులు శివపరమైన ప్రసక్తులు చేర్చుకొని, లెక్కలను మాత్రం లెక్కలుగానే గ్రహించాడు. సంస్కృత మూలాన్ని ఆంగ్లానువాదంతో మద్రాసు నుండి 1912లో రంగాచార్యులవారు ప్రకటించారు. మన విద్యార్థులకు మల్లన పేరు సాహిత్యచరిత్రలో ఒక వాక్యంగా తప్ప తెలియదు. విచారించవలసిన సంగతి.

మళ్ళీ కుండాల వద్దకు వద్దాం. నవకుండీ విధానంలో తూర్పున చతురస్రం, ఆగ్నేయాన యోని, దక్షిణాన అర్ధచంద్రం, నైరృతిలో త్ర్యస్రం, పడమట వృత్తం, వాయవ్యంలో షడస్రం, ఉత్తరాన పద్మం, ఈశాన్యంలో అష్టాస్రం, తూర్పునకు ఈశాన్యానికి నడుమ ఆచార్యకుండం. ఆకారాలు వేరైనా వైశాల్యం ఒక్కటే, 576 చదరపు అంగుళాలు. త్ర్యస్రానికి భుజం 36 అంగుళాల మీద కొంచెం తక్కువగా అర అంగుళం, చుట్టుకొలత 109 దాటుతుంది. చతురస్రానికి 96. షడస్రానికి భుజం 15కు కొద్దిగా తక్కువ, చుట్టుకొలత 89 పైచిలుకు. అష్టాస్రానికి భుజం 11కు స్వల్పంగా తక్కువ, చుట్టుకొలత 87 పైచిలుకు. వృత్తానికి 85. లోపలి స్థలం అంతే, అంచు మాత్రం భుజాలు పెరిగేకొద్దీ కుంచించుకుపోతూ వృత్తం వద్ద కనిష్ఠమవుతుంది.

షడస్ర నిర్మాణం అన్నిటికంటే సులభం. మేకు పాతి, త్రాడుతో వృత్తం గీసి, అదే త్రాడు పొడవును పరిధి మీద ఆరుమార్లు పెట్టుకుంటూ పోతే మొదటి బిందువు వద్దకే వచ్చి చేరతాం. వ్యాసార్ధమే భుజం. అష్టాస్రానికి చతురస్రం గీసి, వృత్తం మీద మూలల నడుమ భాగాలను సగం చేస్తే చాలు. కష్టమంతా ఏడు భుజాల వద్ద. కొన్ని తంత్రగ్రంథాల్లో ప్రత్యేక ప్రయోజనాల కోసం పంచాస్ర, సప్తాస్ర కుండాలు కూడా విధించబడినవి. అందులో పంచాస్రం త్రాడుకు లొంగుతుంది. సప్తాస్రం లొంగదు.

లీలావతిలో భాస్కరుడు 120000 వ్యాసం గల వృత్తంలో ఇమిడే సమబహుభుజులకు భుజప్రమాణాలు ఇచ్చాడు. మూడు భుజాలకు 103923, నాలుగింటికి 84853, ఐదింటికి 70534, ఆరింటికి 60000, ఏడింటికి 52055, ఎనిమిదింటికి 45922, తొమ్మిదింటికి 41031. నేను ఒక ఇంజనీరింగు విద్యార్థి సాయంతో ఇవన్నీ సరిచూశాను. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది అక్షరాలా సరిపోయినవి. ఏడింటికి 52066 రావాలి, తొమ్మిదింటికి 41042 రావాలి. రెండు చోట్లా పదకొండు తక్కువ. ఆ కుర్రవాడు నా ముఖం వంక చూశాడు, నేను బాధపడతానేమోనని. 30 అంగుళాల వ్యాసం గల కుండంలో ఈ భేదం ఒక నువ్వుగింజలో పదవ వంతు కూడా ఉండదు. కుండానికి దోషం లేదు. కాని సంఖ్య తప్పే, ఆ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

తప్పిన రెండూ ఏడు, తొమ్మిది కావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. సరిపోయిన ఐదూ వర్గమూలాలతో సాధ్యమైనవి, త్రాడూ మేకులతో కచ్చితంగా గీయగలిగినవి. ఏడు, తొమ్మిది భుజాలను ఆ విధంగా ఎంత నేర్పరి అయినా గీయలేడు. యవనులు కూడా ప్రయత్నించి విఫలులైన సమస్య ఇది. 1796లో జర్మనీ దేశీయుడైన గౌస్ తన పందొమ్మిదవ ఏట పదిహేడు భుజాల సమక్షేత్రం ఆ పరికరాలతోనే సాధ్యమని కనుగొన్నాడు. ఏడు, తొమ్మిది అసాధ్యమని 1837లో ఫ్రాన్సు దేశపు వాంజెల్ ఉపపత్తిపూర్వకంగా నిరూపించాడు. అట్టివాటికి పట్టికల్లోని సంఖ్యలే గతి. భాస్కరుని పట్టిక ఆ రెండు చోట్ల పదకొండు పాళ్ళు జారింది.

ఇప్పుడు నగరాల్లో ఇనుప రేకు కుండాలు అంగడిలో దొరుకుతున్నవి. గృహస్థుల సౌకర్యానికి అవి సరే. ఈ మధ్య ఆత్మకూరులో ఒక గృహంలో అట్టి చతురస్ర కుండం తెచ్చి ముందు పెట్టారు. సంకల్పం చెప్పే ముందు నా సంచి నుండి టేపు తీసి మూలకు మూల కొలిచాను. ఇంటాయన ఆశ్చర్యంగా "ఏమిటి స్వామీ, భుజాలు గదా కొలవవలసినది?" అని అడిగాడు. రెండు కర్ణాలకు అర అంగుళం తేడా ఉన్నది. రవాణాలో ఎక్కడో నొక్కుకుపోయినట్లున్నది. ఇంటాయన కుమారుడు సుత్తి తెచ్చాడు. పొడవైన మూల మీద నాలుగు దెబ్బలు వేయించి, మళ్ళీ కొలిచి, సరి అయిన తరువాత అగ్నిప్రతిష్ఠ చేశాము.